చలికాలం ఫ్లోరిడాలో: మా దినచర్య, మా లెక్కలు

శీతాకాలం రాగానే మంచు రాష్ట్రాల నుంచి ఫ్లోరిడా, ఆరిజోనాల వైపు తరలే పెద్దవాళ్లను అమెరికాలో 'స్నోబర్డ్స్' అంటారు. 1980లలో ఉద్యోగాల కోసం వచ్చిన మన తరం కూడా ఇప్పుడు ఆ పక్షుల్లో చేరింది. నేనూ, మా ఆవిడా నాలుగేళ్లుగా జనవరి మొదట్లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయల్దేరి, మార్చి నెలాఖరు దాకా ఫ్లోరిడాలోని టవారెస్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం.

టవారెస్ ఎందుకంటే, చెన్నై నుంచి వచ్చిన ఇగ్గీ ఇగ్నేషియస్ గారు మన దేశపు పెద్దల కోసం 'శాంతినికేతన్' అనే రిటైర్మెంట్ కమ్యూనిటీని 2011లో అక్కడే ప్రారంభించారు. శాకాహార భోజనశాల, ప్రార్థన గది ఉన్నాయి. మన భాషలు వినిపించే ఊరయింది.

ప్రయాణానికి ఆమ్‌ట్రాక్ ఆటో ట్రైన్ మాకు అనుకూలం. వర్జీనియాలోని లోర్టన్‌లో సాయంత్రం 5 గంటలకు బయల్దేరి, మర్నాడు ఉదయం శాన్‌ఫర్డ్ చేరుస్తుంది. మన కారు కూడా అదే రైల్లో వస్తుంది. సుమారు 855 మైళ్ల డ్రైవింగ్ తప్పుతుంది.

రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున్నే కాఫీ తాగి లేక్ డోరా ఒడ్డున నడక. నీటి మీద దిగే సీప్లేన్లు చూడటం మాకో కాలక్షేపం. తరువాత పెసరట్టు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం నేను క్యారమ్స్‌కి వెళితే, మా ఆవిడ కుండీల్లోని కరివేపాకు, గోంగూర చూసుకుంటుంది. ఎడిసన్‌లో సంక్రాంతి ముగ్గు ఇంట్లో గచ్చు మీదే. ఇక్కడ వాకిట్లో వేసి గొబ్బెమ్మలు కూడా పెట్టింది! సాయంత్రం మనవలతో వీడియో కాల్. హైదరాబాద్ వెళితే చలికాలంలో పదిన్నర గంటల తేడా. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు.

వెళ్లేముందు చూసుకోవలసినవి

మెడికేర్: ఒరిజినల్ మెడికేర్ ఉంటే, దాన్ని తీసుకునే ఏ రాష్ట్రపు డాక్టరు దగ్గరికైనా వెళ్లవచ్చు. అడ్వాంటేజ్ ప్లాన్లు చాలావరకు సొంత ప్రాంతానికీ, నెట్‌వర్క్‌కీ పరిమితం. ఎమర్జెన్సీ మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది. ఇండియాలో మెడికేర్ దాదాపు పనిచేయదు.

పన్నులు: ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అయితే మూడు నెలలు ఉన్నంత మాత్రాన మనం ఫ్లోరిడా వాసులం కాము. శాశ్వత నివాసం మార్చుకున్నా, న్యూజెర్సీలో ఇల్లు ఉంచుకుని ఏడాదిలో 183 రోజులకు మించి గడిపితే అక్కడి రెసిడెంటుగానే లెక్క. నివాసాన్ని బట్టి ఇచ్చే ఇంటి పన్ను రాయితీని రెండు రాష్ట్రాల్లోనూ పొందకూడదు.

ఇల్లు: నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేయాలి. హీటర్ పూర్తిగా ఆపకుండా 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచాలి. ఖాళీ ఇంటికి ఏ షరతులున్నాయో ఇన్సూరెన్స్ వాళ్లను అడగాలి. ఉత్తరాలు మళ్లించడానికి పోస్టాఫీసులో తాత్కాలిక ఫార్వర్డింగ్ ఉంది.

మనవలు: 55 ఏళ్లు దాటినవారి కమ్యూనిటీ అయితే, పిల్లలు ఎన్నాళ్లు ఉండవచ్చో నిబంధనలు ముందే చదవండి.

అసలు ప్రశ్న

గత ఫిబ్రవరిలో మా ఆవిడ బాత్‌రూమ్‌లో జారిపడి మణికట్టు విరిగింది. వైద్యానికి లోటు రాలేదు. ఇరుగుపొరుగువారు చారు, కూర పంపారు. కానీ పిల్లలు రావాలంటే విమానం ఎక్కాలి. కట్టుతో కూర్చుని ఒకరోజు అడిగింది: "ఇదే మీకు జరిగి ఉంటే, నేనొక్కదాన్ని ఇక్కడ ఎలా నెగ్గుకొచ్చేదాన్ని?" ఎండ, నిమ్మచెట్లు, స్నేహితులు - ఏవీ దానికి జవాబు కావు.

ఆ తరువాత ఫ్లోరిడా చట్టం ప్రకారం, మన తరఫున వైద్య నిర్ణయాలు తీసుకునేవారిని నియమించే పత్రాలు రాసుకున్నాం. చెయ్యి బాగయ్యాక ఆవిడ వారానికోసారి తనే కారు నడుపుకుంటూ కూరగాయలకు వెళుతోంది. బిల్లులు కట్టడం నేర్చుకుంది. నేను వంట నేర్చుకుంటున్నాను.

అందుకే మిత్రులకు చెప్పేది ఒకటే. కొనే ముందు ఒకటి రెండు చలికాలాలు అద్దెకుండి చూడండి. ఇద్దరికీ బాగుందా అనే కాదు, ఇద్దరిలో ఒక్కరే మిగిలినా ఇక్కడ బతకగలరా అని కూడా చూసుకోండి.