గంజాయియు ఘోరనేరములును: 1893 నాటి విచారణ

గంజాయి త్రాగినవాఁడు పిచ్చివాఁడగుననియు, కత్తిపట్టి కనఁబడినవారినెల్ల నఱకుననియు మనలో చిరకాలపు నమ్మకము గలదు. దానిని పరీక్షింపకయే శాసనములు కోరువారు పెక్కురు. పరీక్షించినవారి కథ తెలిసినవారు కొలఁదిమంది.

1893 మార్చిలో మద్యపానవిరోధియగు కేయిన్ అను పార్లమెంటు సభ్యుఁడు కామన్సు సభలో బంగాళపు గంజాయినిగూర్చి ప్రశ్నించెను. అంతట హిందూదేశ ప్రభుత్వమువారు మాక్‌వర్త్ యంగు అధ్యక్షుఁడుగా ఏడ్గురితో నొక కమీషను నేర్పఱచి, దేశమంతటను విచారింపఁజేసిరి. సాక్షులు 1,193 మంది.

1892లో పిచ్చియాసుపత్రులలో చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి, భంగు మొదలగునవే కారణమని పట్టికలలో నుండెను. కమీషనువా రంతటితో నమ్మక, ఒక్కొక్క రోగి పూర్వవృత్తాంతమును శోధించిరి. "కారణము" అను గడిని తఱచుగ నింపినది వైద్యుఁడు కాఁడు; రోగిని పంపిన పోలీసులు, మేజిస్ట్రేట్లు! రోగి యెప్పుడైన చిలుము పట్టెనని తెలిసినఁ జాలును, గంజాయియే కారణమై కూర్చుండెను. శోధింపఁగా నిలిచినవి 98. వానిలోను 37 చోట్ల నితరకారణములు గలసియుండెను.

హత్యలవిషయమునను సాక్షుల మాటలతోనే తృప్తిపడక కోర్టు రికార్డులను తెప్పించి చదివిరి. జ్ఞాపకమునకును రికార్డునకును పలుమాఱులు పొత్తు కుదరలేదు. ఘోరనేరములతో నీ మత్తునకు సంబంధము స్వల్పమనియు, అతిసేవనము హానికరమే యనియు, నిషేధముకంటె పన్నును లైసెన్సును మేలనియు 1894లో నివేదించిరి. గంజాయిపై పన్నుగొను ప్రభుత్వమున కిది హితవైన తీర్పే యని శంకింపవచ్చును. భారతీయ సభ్యులు మువ్వురిలో నిద్దఱు భిన్నాభిప్రాయము వ్రాసిరి. తీర్పు నొల్లనివారును ఆ పద్ధతిని తప్పుపట్టఁజాలరు.

మత్తులో నేరము చేసినవాని సంగతి 1860 నాటి శిక్షాస్మృతియే తేల్చినది. తెలిసి త్రాగినవానికి మత్తు సాకు గాదు. తెలియకయో బలవంతముననో మత్తునఁబడి, చేయు పని నెఱుఁగనివానికే క్షమ. 2024 జులై నుండి అమలైన భారతీయ న్యాయసంహితయు నట్లే యుంచినది. 1985 నాటి మాదకద్రవ్యచట్టము మఱియొక యడుగు వేసి, సేవనమునే నేరముగా నెంచినది. 1989లో కొన్ని నేరములు మరల చేసినవానికి మరణశిక్షను తప్పనిసరి చేసిరి. 2014లో న్యాయమూర్తి విచక్షణకు విడిచిరి.

ఆ చట్టముననే 64ఏ అను విభాగము గలదు. కొలఁదిపాటి మత్తుపదార్థముతో పట్టుపడిన వ్యసనపరుఁడు తనంత తానుగ గుర్తింపుగల వైద్యాలయమునఁ జేరి చికిత్స పొందినచో నతనిపై అభియోగము నడవదు. పోలీసులకు వెఱచి కొడుకు నింట దాఁచుకొను తల్లులలో నెందఱు దీని నెఱుఁగుదురు? చికిత్స ముగియకుండ మానినచో మాత్ర మా రక్షణ తొలఁగింపఁబడవచ్చును.