బెల్టు కడితే నడిచినట్టు కాదు

మా అక్క బీడీలు చుడ్తది. పొద్దంత ఒక్కతాన కూసునుడే. నడుము నొప్పి, ఆపైన షుగరు. "రోజూ నడువమ్మా" అన్నడు డాక్టరు. ఆమె ఫోన్ల జూసి పొట్టకు కట్టే కరెంటు బెల్టు తెప్పిచ్చుకున్నది. పద్దెనిమిది వందలు, దగ్గర దగ్గర వారం కూలి. "బీడీలు చుట్టుకుంటనే కసరత్తు అయితదట తమ్మీ" అన్నది. అయితదా? నేను చదివి తెలుసుకున్నది రాస్తున్న.

కండ కదలాలంటే మెదడు నుంచి నరం గుండా సంకేతం రావాలె. బెల్టు దాని బదులు చర్మం మీదికెళ్లి చిన్న చిన్న కరెంటు షాకులు పంపుతది. కండ బిగుసుకుంటది. ఇది అబద్ధం కాదు, కొత్తదీ కాదు. ఇటలీల లూయిజీ గాల్వాని సచ్చిన కప్ప కాళ్లు కరెంటుకు ఎగిరిపడుడు చూసి 1791లనే అచ్చేసిండు.

దవాఖానల దీనికి అసలైన పని ఉన్నది. మోకాలి ఆపరేషన్ అయినంక సన్నవడ్డ తొడ కండను మళ్ల లేపనీకి వాడుతరు. పక్షవాతం వచ్చి పాదం వేలాడేటోళ్లకు అడుగు ఎత్తేటప్పుడు నరానికి కరెంటిచ్చే యంత్రం 1961 నుంచే ఉన్నది. కండ తనంతట తాను పని చెయ్యలేని కాడ ఇది ఊతకర్ర. నొప్పికి పెట్టే టెన్స్ మిషన్ మాత్రం వేరు, దాంతోని కండ పెరగదు.

మరి నడవగలిగిన మనిషికి? మనం నడిస్తే పెద్ద పెద్ద కండలన్ని కలిసి పనిచేస్తయి. గుండె గట్టిగ కొట్టుకుంటది, ఊపిరి పెరుగుతది, కండలు రక్తంల షుగరును గుంజుకుంటయి, ఎముకల మీద బరువు పడుతది. బెల్టు కింద జరిగేది పొట్ట మీది కొంచెం కండ బిగుసుకునుడే. మన మెదడైతే కండపోగులను వంతులవారీగ పనికి పిలుస్తది. కరెంటు మళ్ల మళ్ల అవే పోగులను లేపుతది, అవి జల్ది అలసిపోతయి. ఇగ కొవ్వు ఉండేది కండ మీద. కింద కండ అదిరితే పైన కొవ్వు కరగదు.

"రష్యా ఆటగాళ్లు వాడిండ్రు గదా" అంటరు. నిజమే. 1970లల్ల యాకోవ్ కోట్స్ అనే సోవియట్ శాస్త్రవేత్త దీంతోని మస్తు బలం పెరిగిందన్నడు. కాని వాళ్లు రోజూ కసరత్తు చేసే ఆటగాళ్లు. కసరత్తు బదులు కాదు, కసరత్తు మీద అదనం.

అమెరికాల 2002ల ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇసొంటి పొట్ట బెల్టులు అమ్మిన కంపెనీల మీద తప్పుడు ప్రచారం కేసులు వెట్టింది. కండ కొంతకాలం బిగువు కావచ్చు గాని, బరువు తగ్గిస్తదని ఏ యంత్రానికీ అనుమతి ఇయ్యలేదని అక్కడి ఎఫ్‌డీఏ అన్నది.

జాగ్రత్తలు గూడ ఉన్నయి. గుండెల పేస్‌మేకర్ ఉన్నోళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నోళ్లు డాక్టర్ను అడగకుంట ముట్టద్దు. ఛాతీ మీద, గొంతు ముందట పెట్టద్దు. షుగరుతోని తిమ్మిరెక్కిన కాడ పెడితే చర్మం కాలినా తెల్వదు. ఒళ్లంత తొడిగే కరెంటు సూట్లతోని కండ దెబ్బతిని కిడ్నీల దాక పోయిన కేసులున్నయి. మూత్రం కాఫీ రంగుల వస్తే వెంటనే దవాఖానకు పోవాలె.

వారానికి 150 నిమిషాలు జర జోరుగ నడువాలె, రెండు రోజులు కండలకు బలమిచ్చే పని చెయ్యాలె అని 2020ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒక్కసారే చెయ్యాలని లేదు. పది నిమిషాల నడక గూడ లెక్కకొస్తది.

అక్క బద్ధకస్తురాలు కాదు. "నేను నడువవోతే బీడీలెవలు చుడ్తరు?" అంటది. వెయ్యికి ఇంత అని లెక్కగట్టే కూలిల అరగంట నడక అంటే అరగంట కూలి పోవుడే. ఊరి రోడ్డు పక్కన నడిచే జాగ లేదు, పొద్దుగూకితే లైటు లేదు. బెల్టు కంపెనీ అమ్ముతున్నది ఈ లేమినే. బెల్టు మీద కోపమొస్తే 1915కు ఫోన్ చెయ్యుండ్రి, తప్పుడు ప్రకటనకు పది లక్షల దాక జుర్మానా వేసే చట్టమున్నది. అంతకన్న ముందు పంచాయతీని నడిచే బాట, లైట్లు అడుగుండ్రి.

అక్క ఇప్పుడు ప్రతి రెండు కట్టలకొకసారి లేచి వాడకట్టు చుట్టొస్తున్నది. దానికి చార్జింగు అక్కర లేదు.