ఒంటరి బాటసారికి పట్నంలో బస

రామగుండం స్టేషనులో రాత్రివేళ కాజీపేట వైపు పోయే బండికోసం నిలుచున్నవారిని చూస్తే, ఎవరు నలుగురితో కలిసి పోతున్నారో, ఎవరు ఒంటరిగా పోతున్నారో చెప్పడం కష్టం కాదు. నలుగురితో పోయేవారు మూటలను నేలమీద వదిలి కబుర్లలో పడతారు. ఒంటరివాడు సంచిని కాళ్ళ నడుమ పెట్టుకొని నిలుచుంటాడు. కొన్ని సంవత్సరాల క్రిందట ధ్వనిముద్రణ పనిమీద గోదావరిఖని వెళ్ళి తిరిగి వస్తూ, అటువంటి వృద్ధుడొకనితో మాట కలిపినాను. బొగ్గుబావిలో ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి పొందినవాడు. భార్య హైదరాబాదులో ఆసుపత్రిలో ఉన్నది. ఆమె దగ్గర ఉన్న కొడుకును తిరిగి పనికి పంపి, అతని స్థానంలో తానుండడానికి పోతున్నాడు. బస ఎక్కడ అని అడిగినాను.

"పట్నంల మనోళ్ళు ఎవరున్నరు సార్? మొదలైతే బండి దిగాలె, తర్వాత చూసుకోవాలె" అన్నాడు.

"మనోళ్ళు" అన్న ఆ ఒక్క మాట నన్ను చాలకాలం వదలలేదు. ఒంటరిగా నగరానికి పోయే మనిషికి తలదాచుకొనే చోటు దొరకడం, దొరకకపోవడం అనేది మన దేశంలో కొన్ని శతాబ్దాలపాటు ఈ మాటమీదనే ఆధారపడి ఉండినది. ధనం తరువాతి సంగతి. నీవెవరివాడవు, నీకు పూచీ ఎవరు అన్నదే మొదటి ప్రశ్న.

రామగుండం నుండి హైదరాబాదుకు పోయే రైలు కాజీపేట మీదుగా పోతుంది. ఆ ప్రక్కనే ఓరుగల్లు. ఈ ప్రాంతపు పల్లెలకు ఒకనాటి మహానగరం అదే. ఆ నగరంలో పరదేశి ఎట్లా గడిపేవాడో తెలుసుకోవడానికి మనకు 'క్రీడాభిరామం' ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ వీధినాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులన్నీ చూస్తూ తిరుగుతారు. ఆకలి వేళకు ఒక పూటకూటింటిని తలుస్తారు. ఒక రూక ఇస్తే చక్కని భోజనం దొరికే ఇల్లు అది. డబ్బిచ్చి తినడమన్నది మనకు పాశ్చాత్యులు నేర్పిన అలవాటు అనుకొనేవారు ఈ కావ్యాన్ని ఒకసారి చూడవలెను. అయితే పూటకూటిల్లు వాణిజ్యమే అయినా అది గృహం కూడా. అక్కడ ఎవరు వండుతారు, ఎవరు పంక్తిలో కూర్చుంటారు అన్న విచారం రూకతో తీరేది కాదు.

పూటకూళ్ళ మాట వచ్చినప్పుడు తరువాతి కాలపు పూటకూళ్ళమ్మను తలవకుండా ఉండలేము. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం'లో గిరీశం బసచేసినది ఆమె ఇంటనే. మనం గిరీశాన్ని చూచి నవ్వుకొంటాము గాని, ఆమె స్థితిని ఆలోచించేవారు తక్కువ. దిక్కులేని వితంతువుకు ఉన్న కొద్దిపాటి జీవనోపాధులలో పరాయివారికి వండిపెట్టడం ఒకటి. ఒంటరి బాటసారికి అన్నం పెట్టి ఆదుకున్నది మరొక ఒంటరి ప్రాణి. అన్నం తిన్నవారే ఆమె శీలాన్ని గురించి గుసగుసలాడేవారు.

దూరప్రయాణం చేయగలవాడు ఆ రోజులలో ఒంటరిగా బయలుదేరేవాడు కాడు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు, నిర్మల మీదుగా ఉత్తరానికి సాగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. ఆయన వెంట పెద్ద పరివారమే నడిచినది. అయినా మజిలీ మజిలీకి నీళ్ళున్నవా, అంగళ్ళున్నవా, దిగడానికి స్థలమున్నదా అని ఆయన వ్రాసిపెట్టుకున్నారు. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర'ను నేడు మనం చరిత్రగా చదువుతున్నాము. తరువాత పోయేవారికి మాత్రం అది దారి చూపే పుస్తకం. అంతటి పరివారం ఉన్నవారికే బస ఇంతటి చింత అయితే, భుజాన మూట తప్ప మరేమీ లేనివాని సంగతి ఊహించుకొనవచ్చును.

గోలకొండ సుల్తానుల కాలంలో ఆ ఒంటరివానికి కొంత ఊరట సరాయిలు. గోలకొండకు పడమటి దారిలో షేక్‌పేట సరాయి నేటికీ కనబడుతుంది. గదులు, ఒంటెలకు గుర్రాలకు శాలలు, దగ్గరనే మసీదు. తూర్పున మచిలీపట్నం బాటలో, హయాత్ బక్షీ బేగం పేర వెలసిన హయాత్‌నగరంలో, మసీదు చుట్టూ విశాలమైన ఆవరణం, ఆ ఆవరణం అంచులలో బాటసారులకు గదులు ఉన్నవి. పదునేడవ శతాబ్దిలో వజ్రాల వ్యాపారానికై పలుమార్లు ఈ దేశం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే హైదరాబాదును వర్ణిస్తూ ఒక చిత్రమైన సంగతి చెప్పినాడు. నగరం లోపల ఉండేవారు అధికారులు, గొప్పవారు. వర్తకులు, దళారులు, చేతిపనివారు, సామాన్యులు అందరూ నది ఆవలి శివారు పేటలో ఉంటారు. పగలు నగరంలోకి వచ్చి బేరసారాలు చేసుకొని, సాయంకాలానికి తిరిగి పేటకు పోయి నిద్రిస్తారు. పరదేశులకు ఆ పేటలోని రెండు మూడు మసీదులే సరాయిలుగా ఉపయోగపడుతున్నవట. పగలు అందరిదీ, రాత్రి కొందరిదే అయిన ఊరన్నమాట. ఆ పద్ధతి పూర్తిగా పోయినదని నేను చెప్పలేను.

సరాయికి ఒక గోడ, ఒక ద్వారం, రాత్రి ఆ ద్వారం మూసే కావలివాడు ఉండేవారు. ఒంటరివాడు కోరేది అదే గదా. 1867లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన సరాయిల చట్టం చదివితే ఈ కోరికలన్నీ శాసనభాషలో కనబడతవి. సరాయి నడిపేవాడు తన పేరు నమోదు చేయించుకొనవలెను. గదులను, నీటి వసతులను శుభ్రంగా ఉంచవలెను. పెరిగిన పిచ్చిమొక్కలను తీసివేయించవలెను. గోడలు, తలుపులు బాగుచేయించవలెను. తగినంతమంది కావలివారిని పెట్టవలెను. ఎంత పుచ్చుకొంటాడో ఆ ధరల పట్టికను అధికారి చెప్పిన భాషలో అందరికీ కనబడేటట్టు తగిలించవలెను. ఇది బ్రిటిషు ఇండియాకు చేసిన చట్టం. నిజాం రాజ్యానిది కాదు. అయినా నేడు కొత్త ఊరిలో ఒంటరిగా గది వెదికేవారికి చెప్పవలసిన జాగ్రత్తలలో సగానికి పైగా ఇందులోనే ఉన్నవి. తలుపు గడియ సరిగా పడుతున్నదా, ధర ముందే చెప్పినారా, రాత్రి వాకిట ఎవరైనా ఉంటారా అని మనం చూచుకొనేది వేరే ఏమి?

రైలు వచ్చిన తరువాత సరాయి ఊరి పొలిమేర విడిచి స్టేషను ఎదుటికి వచ్చినది. సికిందరాబాదుకు 1874లో రైలు వచ్చినది. నాంపల్లి స్టేషను 1907లో వెలసినది. దాని ఎదురుగా 1919లో ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నాంపల్లి సరాయిని కట్టినారు. జిల్లాలనుండి కోర్టు పనికి, కచేరీ పనికి, వైద్యానికి వచ్చిన బీదసాదలకు అది ఎంతో కాలం అక్కరకు వచ్చి, తరువాత ఆదరణ లేక శిథిలమైనది.

బొగ్గుసీమ నగరానికి దగ్గర అయినదీ ఆ రైలువల్లనే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ తీసినాడు. 1889లో తవ్వకం మొదలయినది. 1920లో సింగరేణి కాలరీస్ పేర కంపెనీ ఏర్పడినది. కాజీపేట – బల్లార్షా మార్గం 1929లో పూర్తి కావడంతో మద్రాసు – ఢిల్లీ బండ్లు ఈ అడవులగుండా పరుగెత్తినవి. రామగుండం మనిషికి పట్నం ఒక రాత్రి ప్రయాణమయినది.

కాని రైలు దిగినవాడు మరల "మనోళ్ళు" ఎక్కడ అని వెదకవలసి వచ్చేది. 1918లో రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసినది. పల్లెలనుండి చదువుకు వచ్చిన బాలురకు అది చేసిన మేలు చిన్నది కాదు. సురవరం ప్రతాపరెడ్డిగారి వంటివారు దాని నిర్వహణలో పాలుపంచుకున్నారు. ఆ తరువాత ఒక్కొక్క కులం వారు తమ పిల్లల కోసం ఒక్కొక్క వసతిగృహం కట్టించుకున్నారు. వీటిని సంకుచితమని తీసివేయడం సులభం. ఉర్దూ తప్ప మరొక రాజభాష లేని నగరంలో, పదునాలుగేండ్ల తెలుగు కుర్రవానికి తన మాట తెలిసిన వంటమనిషి ఉండడం ఎంత ధైర్యమో ఆలోచించితే అట్లా అనలేము. అయితే ఏ కులం పేరా కట్టని ఇల్లు కావలసినవాడు ఎక్కడికి పోవలెను?

దీనికి సమాధానం 1917లో బరోడా నగరంలో దొరికినది. అమెరికాలో, లండనులో చదివి, బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన యువకుడు భీమరావ్ అంబేడ్కర్‌కు ఆ ఊరిలో దిగడానికి చోటు లేకపోయినది. హిందూ హోటళ్ళు అంటరానివానిని రానీయవు. చివరికి ఒక పారసీ సత్రంలో, పుస్తకంలో పారసీ పేరు వ్రాయించి, రోజుకు రూపాయిన్నర చొప్పున ఇచ్చి మేడమీద దిగినాడు. తోటి మనిషి లేని, చీకటి నిండిన బస. పదకొండవ నాడు కర్రలు పట్టుకొని పారసీలు వచ్చి నిలదీసినారు. సాయంకాలంలోగా ఖాళీ చేయమన్నారు. మిత్రులిద్దరిని ఆశ్రయించినాడు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు, ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పినారు. ఊరి తోటలో చాలసేపు కూర్చుండి, ఆ రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయినాడు. ఆయన చేతిలో డబ్బు ఉన్నది, విద్య ఉన్నది, సంస్థానం ఇచ్చిన పదవి ఉన్నది. పూచీ మాత్రం లేదు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదునైదవ అధికరణంలో హోటళ్ళ ప్రవేశం గూర్చి ప్రత్యేకంగా చెప్పినప్పుడు, 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేరు పేరునా ఎన్నినప్పుడు, ఆ మాటల వెనుక ఇటువంటి రాత్రులు ఉన్నవి. పేరు చెప్పి, పైకం ఇచ్చి, తాళపుచెవి పుచ్చుకోవడం అనే చిన్న పని మన దేశంలో హక్కు కావడానికి అంతకాలం పట్టినది.

మా సోదరి ఉపాధ్యాయిని. ఇరువది ఏండ్ల క్రిందట ఒక పరీక్షకై హైదరాబాదుకు ఒంటరిగా వచ్చి, స్టేషను సమీపంలోని ఒక లాడ్జిలో గది అడిగినది. "ఒంటరి ఆడవాళ్ళకు ఇవ్వమండీ" అన్నాడు గుమాస్తా. అటువంటి చట్టమేదీ లేదు. పుస్తకంలో పేరు, ఊరు, వచ్చిన పని వ్రాయించుకొనడమే అతని విధి. ఆమె ఆ రాత్రి స్టేషనులో స్త్రీల విశ్రాంతిగదిలో కూర్చుండి చదువుకొని, తెల్లవారి పరీక్షకు పోయినది. ఒంటరి పురుషునికి కూడ గది లేదనే లాడ్జీలు ఉన్నవని తరువాత తెలిసినది. ఒంటరితనమే అనుమానానికి కారణమయిన చోట ధర్మసత్రమే మేలనిపిస్తుంది.

మరల రామగుండం వృద్ధుని దగ్గరకు వస్తాను. బండి ఆలస్యం కావడంతో అతడు తన తొలినాళ్ళ సంగతి చెప్పినాడు. గోదావరిఖనిలో గనులు 1960 ప్రాంతంలో మొదలయి విస్తరిస్తున్న కాలంలో చుట్టుపక్కల పల్లెలనుండి, దూరప్రాంతాలనుండి పడుచువాళ్ళు ఒంటరిగా వచ్చి చేరినారు. ఇతడు వచ్చేనాటికి కూడ క్వార్టరు దొరకడం గగనం. ఊరివాని గదిలో చోటు అడిగినాడు. ఆరుగురికి మంచాలు మూడు. పొద్దుటి షిఫ్టువాడు లేచిపోగానే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే మంచంమీద పడుకొనేవాడు. "మంచం సల్లారేది కాదు సార్" అని నవ్వినాడు. పెండ్లి అయి క్వార్టరు వచ్చిన తరువాత, కొత్తగా వచ్చినవారికి తానూ అట్లాగే చోటు ఇచ్చినాడట.

హైదరాబాదుకు అది అతని మొదటి ప్రయాణం కూడ కాదు. అంతకు ముందొకసారి వారం రోజులు ఉండివచ్చినాడు. నగరపాలక సంస్థ కొన్ని ఆసుపత్రుల వద్ద రాత్రి ఆశ్రయాలు ఏర్పాటుచేసిన మాట నిజమే. అతనికి మాత్రం ఆ వారం చెట్టు క్రిందనే గడిచినది. లాడ్జికి ఇచ్చే డబ్బుతో రెండు రోజుల మందులు వస్తవని లెక్క చెప్పినాడు. మరి సామాను ఎక్కడ పెట్టేవాడవు అని అడిగినాను. పాలమూరు నుండి బిడ్డను తీసుకొని వచ్చిన ఒక తల్లి ఆ చెట్టు క్రిందనే ఉండేదట. అతడు మందులకు పోతే ఆమె సంచి చూసేది. ఆమె డాక్టరును కలవడానికి పోతే ఇతడు చూసేవాడు. "ఆమె ఇంక ఆడనే ఉండొచ్చు, దిగంగనే చూస్త" అన్నాడు. బండి వచ్చినది. సంచి ఎత్తి భుజాన వేసుకొని జనరల్ పెట్టె వైపు నడిచినాడు.