ఆన్‌లైన్ రివ్యూలు: 4 స్టార్లు ఉంటే కొనేయొచ్చా? ముందు ఈ లెక్క చూడండి

మిక్సీ కొనాలన్నా, బిర్యానీ ఆర్డర్ పెట్టాలన్నా, ఊరెళ్లి రూమ్ తీసుకోవాలన్నా.. ముందు చూసేది స్టార్ రేటింగే. వస్తువును చేత్తో పట్టుకుని చూసే వీల్లేనప్పుడు, అప్పటికే కొన్నవాళ్ల మాటే ఆధారం. అయితే రేటింగ్ ఎంత ఉందన్నదానికంటే, అది ఎలా వచ్చిందన్నదే ముఖ్యం.

సగటు వెనుక అసలు లెక్క

100 మంది రేటింగ్ ఇచ్చారనుకుందాం. అందరూ 4 స్టార్లే ఇస్తే సగటు 4. అదే 75 మంది 5 స్టార్లు, 25 మంది 1 స్టార్ ఇచ్చినా సగటు 4నే! పైకి రెండూ ఒకటే. కానీ రెండోదాంట్లో ప్రతి నలుగురిలో ఒకరికి ఆ వస్తువు అస్సలు నచ్చలేదు. అందుకే ఏ స్టార్‌కు ఎంతమంది అన్నది చూపించే బార్లను తప్పక చూడాలి. 12 మంది ఇచ్చిన 4.9 కంటే, 8 వేల మంది ఇచ్చిన 4.3ను ఎక్కువ నమ్మొచ్చు.

ఏ రివ్యూలు చదవాలి?

* 2, 3 స్టార్లవి: మంచీ చెడూ రెండూ చెప్పేది ఎక్కువగా వీళ్లే.
* 1 స్టార్‌వి: కోపం డెలివరీ లేటైనందుకా, వస్తువు పాడైనందుకా అన్నది చూసుకోవాలి.
* కొత్తవి: పాత రివ్యూల నాటి క్వాలిటీ ఇప్పుడు ఉండకపోవచ్చు.
* ఒకే రోజు, ఒకే రకం మాటలతో పొగడ్తలు వరుసగా కనిపిస్తే అనుమానించాల్సిందే.

'వెరిఫైడ్ పర్చేజ్' అని ఉంటే అక్కడ కొన్నవాళ్లే రాశారని అర్థం. అదీ పూర్తి గ్యారంటీ కాదు. 5 స్టార్లు ఇస్తే క్యాష్‌బ్యాక్ ఇస్తామంటూ పార్సిల్‌లో కార్డు పెట్టే అమ్మకందార్లూ ఉన్నారు.

రూల్స్ ఏమంటున్నాయి?

ఫేక్ రివ్యూల కట్టడికి మన దేశంలో 2022 నవంబర్‌లో ఐఎస్ 19000:2022 ప్రమాణం వచ్చింది. రాసేది నిజమైన మనిషేనా అని ఈమెయిల్, ఫోన్ వంటి మార్గాల్లో సైట్లు చెక్ చేయాలన్నది ఇందులో ఒకటి. అయితే దీన్ని స్వచ్ఛంద ప్రమాణంగానే తెచ్చారు. అమెరికాలో మాత్రం ఫేక్ రివ్యూల కొనుగోలు, అమ్మకాలను నిషేధించే రూల్ 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది.

రేటింగ్ ఇస్తే డబ్బులా? జాగ్రత్త!

హోటళ్లకు రేటింగ్ ఇస్తే డబ్బులిస్తామంటూ వాట్సాప్, టెలిగ్రామ్‌లలో మెసేజ్‌లు వస్తుంటాయి. నమ్మకం కుదరడానికి మొదట కొద్ది మొత్తం నిజంగానే వేస్తారు. తర్వాత ప్రీపెయిడ్ టాస్క్ పేరుతో మన డబ్బు కట్టించుకుని మాయమవుతారు. పని ఇచ్చేవాళ్లు ఎదురు డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. ఇప్పటికే పోగొట్టుకుంటే వెంటనే 1930కి కాల్ చేయాలి. కొన్న వస్తువుపై ఫిర్యాదులకైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.