ఓపెన్ సోర్స్ కోడ్: కర్తల ప్రస్తావన

ఇతరులు రాసిన ఓపెన్ సోర్స్ కోడ్‌ను వాడుకునేవారు అందులోని కాపీరైట్ ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని చెరపకుండా కోడ్‌తోపాటే ఉంచాలన్నదే కర్తల ప్రస్తావన నియమం. ఎంఐటీ వంటి లైసెన్సులు వాడుకరిని అడిగేది దాదాపు ఇదొక్కటే.

మొదట్లో ఈ కోరిక కాస్త శ్రుతి మించింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన పాత బీఎస్‌డీ లైసెన్సులో, ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రస్తావించే ప్రతి వ్యాపార ప్రకటనలోనూ తన పేరు వేయాలని షరతు పెట్టింది. అది చూసి మిగతావాళ్లూ విశ్వవిద్యాలయం పేరున్న చోట సొంత పేర్లు చేర్చుకున్నారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టంలో ఇలాంటి వాక్యాలు 75 ఉన్నాయని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కతేల్చాడు. అన్నీ వేస్తే ప్రకటనలో సరుకు గురించి చెప్పడానికి చోటే మిగలదు! 1999 జూలై 22న విశ్వవిద్యాలయం ఆ షరతును ఎత్తేసింది. కాపీరైట్ ప్రకటన కోడ్ వెంట ఉండాలన్నది మాత్రం అలాగే ఉంచింది.

ఈ నియమానికి కోర్టు బలం బొమ్మరైళ్ల పుణ్యమా అని వచ్చింది. బర్కిలీ భౌతికశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ జేకబ్‌సన్ నడిపిన, బొమ్మరైళ్ల కోసం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే జేఎంఆర్‌ఐ ప్రాజెక్టు ఫైళ్లను మాథ్యూ కాట్జర్ సంస్థ తన ఉత్పత్తిలో వాడుకుంది. రాసినవాళ్ల పేర్లు, కాపీరైట్ ప్రకటన అందులో లేవు. ఇది మహా అయితే ఒప్పంద ఉల్లంఘన అని కింది కోర్టు తేల్చింది. 2008 ఆగస్టు 13న అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. డబ్బు తీసుకోకుండా ఇచ్చినా షరతులు షరతులేనని, వాటిని మీరితే కాపీరైట్ ఉల్లంఘన కావచ్చని చెప్పింది.

వెబ్‌సైట్ల చిక్కు వేరు. సర్వర్‌లో నడిచే కోడ్ మామూలుగా సందర్శకుడి చేతికి రాదు. జావాస్క్రిప్ట్ మాత్రం ప్రతి బ్రౌజర్‌కూ కాపీగా చేరుతుంది, కాబట్టి లైసెన్సు షరతూ దానితోపాటే వెళ్తుంది. ఫైలు సైజు తగ్గించే మినిఫయర్లు మామూలుగా కామెంట్లను తీసేస్తాయి, వాటిలో కాపీరైట్ ప్రకటన కూడా కొట్టుకుపోతుంది. అందుకే /*! అని మొదలయ్యే కామెంట్‌ను వదిలేయాలన్న ఆనవాయితీ వచ్చింది. వెబ్‌ప్యాక్ వంటి పనిముట్లు అలాంటి ప్రకటనలను ఏరి విడి లైసెన్సు ఫైలులో పెడతాయి. పేజీ అడుగున ధన్యవాదాలు చెప్పడం మర్యాదే గానీ, ఎంఐటీ షరతు దానితో తీరదు.

కోడ్‌కు లాగే ఫాంట్లకూ లైసెన్సు ఉంటుంది. తెలుగు సైట్లలో కనిపించే మండలి, రామభద్ర వంటి సిలికానాంధ్ర సంస్థ ఫాంట్లది ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు. ఫాంటు ఫైలును పంచేటప్పుడు కాపీరైట్ ప్రకటన, లైసెన్సు జతచేయాలి. పేజీ మీద ఫాంటు పేరు వేయనక్కర్లేదు.