నిబంధన ఆపలేకపోయిన ఆటగాడు

1909 అక్టోబరులో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ఫుట్‌బాల్ జట్టు బ్రిస్టల్ వెళ్లి ఆడింది. ఆ రోజు గ్యాలరీలో కొందరు ఒకే ఒక్క ఆటగాడిని పట్టుకుని, అతని ఒంటి రంగు ఎత్తి బూతులు తిట్టారు. మ్యాచ్ చూసిన ఒక పత్రికా విలేఖరి ఆ జనాన్ని దుయ్యబట్టాడు. మైదానంలో అందరికంటే బాగా ఆడిన ఫార్వర్డ్ అతనేనని కూడా రాశాడు. ఆ ఆటగాడు వాల్టర్ టల్.

టల్ 1888లో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి, తాత బానిసగా బతికినవాడు. తల్లి కెంట్ ప్రాంతపు తెల్లజాతి మహిళ. టల్‌కు పదేళ్లు నిండకముందే ఇద్దరూ పోయారు. అన్న ఎడ్వర్డ్‌తో పాటు అతన్ని లండన్‌లోని అనాథాశ్రమంలో చేర్చారు. ఎడ్వర్డ్‌ను గ్లాస్గోలోని ఒక కుటుంబం దత్తత తీసుకుంది. అతను దంతవైద్యుడయ్యాడు. వాల్టర్ ఆశ్రమంలోనే ఉండి ముద్రణ పని నేర్చుకున్నాడు, బంతితో పేరు తెచ్చుకున్నాడు.

టాటెన్‌హామ్ అతనితో ఆడించింది పది లీగ్ మ్యాచ్‌లే. 1911లో నార్తాంప్టన్ టౌన్‌కు మారాక అతని ఆట వికసించింది. అక్కడ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్. ఆ జట్టుకు టల్ వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914 డిసెంబరులో టల్ మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్‌లో చేరాడు. ఆటగాళ్లు, అభిమానులు కలిసి చేరిన దళం కావడంతో దాన్ని ఫుట్‌బాల్ బెటాలియన్ అనేవారు. 1916లో అతను సోమ్ పోరులో పాల్గొన్నాడు.

అసలు విశేషం ఆ తర్వాతిది. శుద్ధ యూరోపియన్ సంతతి కానివారు అధికారులు కాకూడదని అప్పటి బ్రిటిష్ సైనిక చట్టాల పుస్తకంలో స్పష్టంగా ఉండేది. అయినా పై అధికారుల సిఫార్సుతో స్కాట్లండ్‌లో శిక్షణ పొంది, 1917 మే 30న టల్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. తెల్లజాతి సైనికులకు ఆజ్ఞలిచ్చే హోదా అది. ఇటలీ రణరంగంలో ఒక రాత్రి 26 మందిని వెంటబెట్టుకుని పియావె నది దాటి దాడి చేసి, ఒక్కరిని కూడా కోల్పోకుండా తిరిగొచ్చాడు. అతని ధైర్యాన్ని, నిబ్బరాన్ని మెచ్చుకుంటూ మేజర్ జనరల్ లాఫర్డ్ రాతపూర్వకంగా ప్రశంసించాడు.

1918 మార్చి 25న, జర్మన్ల వసంతకాలపు దాడిలో, ఫ్రాన్స్‌లోని ఫావ్రోయ్ దగ్గర టల్‌కు తూటా తగిలింది. అప్పటికి అతని వయసు 29. ఒకప్పుడు గోల్‌కీపర్ అయిన టామ్ బిల్లింగమ్ అనే సైనికుడు తూటాల మధ్యే అతన్ని వెనక్కి లాక్కొచ్చే ప్రయత్నం చేశాడు. సాధ్యపడలేదు. దేహం దొరకలేదు. అర్రాస్ స్మారకం మీద పేరొక్కటే మిగిలింది.

టల్‌ను మిలిటరీ క్రాస్‌కు సిఫార్సు చేసినట్టు తోటి అధికారి ఒకరు ఎడ్వర్డ్‌కు ఉత్తరం రాశాడు. ఆ పతకం రాలేదు. ఇవ్వాలని కోరుతూ బ్రిటన్‌లో ఎన్నో గొంతులు లేచాయి. ఆ కోరిక న్యాయమైనది. అడ్డుగా నిబంధన ఉన్నా అధికారిగా నియమించి, అతని చేత యుద్ధం చేయించుకున్న సైన్యమే ఆ బాకీ తీర్చాలి.