మంటల్లో పిల్లి ఎటు పోతుంది?

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈజిప్టు గురించి రాస్తూ ఒక వింత చెప్పాడు. అక్కడ ఏ ఇంటికైనా నిప్పంటుకుంటే జనం మంటలార్పే పని వదిలేసి, ఎడంఎడంగా వరుసలో నిలబడి పిల్లుల్ని కాపలా కాసేవారట. అయినా అవి మనుషుల సందుల్లోంచి దూరి, వాళ్ల మీదుగా దూకి, మంటల్లోకే పోయేవట. అప్పుడు అందరూ శోకాలు పెట్టేవారట. ఇంట్లో పిల్లి మామూలుగా చనిపోయినా సరే, ఆ ఇంటివాళ్లు కనుబొమలు గొరిగించుకునేవారనీ, దాన్ని బుబాస్తిస్ నగరానికి తీసుకెళ్లి, శవం పాడవకుండా ద్రవ్యాలు పట్టించి సమాధి చేసేవారనీ రాశాడు. పిల్లి రూపంలో కొలిచే బస్తెత్ దేవతకు బుబాస్తిస్ పుణ్యక్షేత్రం.

పిల్లులు అలా మంటల్లోకి దూకడం హెరొడోటస్‌కి దైవికమైన వింతగా తోచింది. పిల్లిని పెంచినవాళ్లకు మాత్రం అందులో కొంత తెలిసిన సంగతే కనిపిస్తుంది. బెదిరిన పిల్లి మనం చూపించే గుమ్మం వైపు రాదు. తనకు అలవాటైన చాటుకే పోతుంది. మంచం కిందకో, బీరువా వెనక్కో, అటక మీదికో చేరి, ఎంత పిలిచినా పలక్కుండా నక్కి ఉంటుంది. లోపల దాని పిల్లలుంటే ఎవరు అడ్డుపడినా ఆగదు. అంత ప్రేమగా వరుస కట్టి నిలబడ్డ ఈజిప్షియన్లకు పిల్లి దక్కకపోవడానికి కారణం అదే కావచ్చు. గుంపునూ కేకల్నీ చూస్తే పిల్లి ఇంకా బెదురుతుంది.

రెండు వేల ఏళ్లు గడిచాక లండన్‌లో ఇలాంటిదే మరొక దృశ్యం. 1666 సెప్టెంబర్ 2, ఆదివారం తెల్లవారుజామున పుడ్డింగ్ లేన్‌లోని ఒక రొట్టెల దుకాణంలో రేగిన నిప్పు నాలుగు రోజుల్లో సుమారు 13,200 ఇళ్లనూ 87 చర్చిలనూ మింగేసింది. నౌకాదళ కార్యాలయంలో పనిచేసే శామ్యూల్ పీప్స్ ఆ రోజుల్ని తన డైరీలో పూసగుచ్చినట్టు రాశాడు. గూళ్లు వదిలి పోలేని పావురాలు కిటికీల చుట్టూనే తిరిగి తిరిగి, రెక్కలు కాలి పడిపోవడం మొదటి రోజే చూశాడు. సెప్టెంబర్ 5న రాయల్ ఎక్స్‌ఛేంజ్ అనే వర్తక భవనం గోడను ఆనుకుని ఉన్న పొగగొట్టం కన్నంలోంచి ఒక పిల్లిని బయటికి తీయడం చూశాడు. ఒంటిమీద వెంట్రుకలన్నీ కాలిపోయినా దానికి ఇంకా ప్రాణం ఉంది. ఊరంతా కాలుతున్నా ఆ పిల్లి దాక్కున్నది ఒక కన్నంలో. ఒక చెయ్యి అక్కడిదాకా వెళ్లబట్టే అది బయటపడింది.

పిల్లి తల్లైతే కథ మారుతుంది. 1996 మార్చి 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పాడుబడ్డ గ్యారేజీ ఒకటి తగలబడింది. ఫైర్‌మన్ డేవిడ్ జియానెల్లి మంటలు అదుపులోకి వచ్చాక చూస్తే, ఒక వీధిపిల్లి నాలుగు వారాల కూనల్ని నోట కరుచుకుని ఒక్కొక్కటిగా బయటికి చేరుస్తోంది. మొత్తం ఐదు కూనలు, అంటే మళ్లీ మళ్లీ అదే మంటల్లోకి వెళ్లడం. చెవులూ పాదాలూ కాలిపోయాయి. కళ్లు బొబ్బలెక్కి మూసుకుపోయాయి. ఆఖరి కూన కూడా బయటికొచ్చాక, కళ్లు కనపడని ఆ తల్లి ముక్కుతో ఒక్కోదాన్నీ తడిమి చూసుకుని, అప్పుడు స్పృహతప్పి పడిపోయింది. జియానెల్లి వాటిని నార్త్ షోర్ యానిమల్ లీగ్ అనే సంరక్షణ సంస్థకు చేర్చాడు. నెల తర్వాత ఒక కూన వైరస్ సోకి చనిపోయింది. తల్లీ మిగిలిన నాలుగూ కోలుకుని మంచి ఇళ్లకు చేరాయి. స్కార్లెట్ అని పేరుపెట్టిన ఆ పిల్లి 2008 అక్టోబర్ దాకా బతికింది.

స్కార్లెట్ తెగువకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ దాన్నీ కూనల్నీ ముందే తీసుకెళ్లే మనిషి ఆ గ్యారేజీలో లేడు. మన ఇంటి పిల్లికి మనం ఉన్నాం.

అలా మనిషి తోడున్న పిల్లి కథ లండన్‌లోనే జరిగింది. సెయింట్ పాల్స్ కెథీడ్రల్ పక్కన వాట్లింగ్ వీధిలోని సెయింట్ ఆగస్టిన్ చర్చిలో ఫెయిత్ అనే పిల్లి ఉండేది. 1940 ఆగస్టులో దానికి ఒక కూన పుట్టింది. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలంటారు కదా, ఫెయిత్ కూడా సెప్టెంబర్ 6న కూనను పైఅంతస్తు నుంచి నేలమాళిగలోని ఒక గూట్లోకి మార్చింది. ఫాదర్ హెన్రీ రాస్ దాన్ని పైకి తెచ్చినకొద్దీ అది మళ్లీ కిందికే తీసుకుపోయింది. చివరికి ఆయనే దాని బుట్టను కిందికి మార్చాడు. మర్నాడే లండన్‌పై జర్మన్ విమానాల భారీ దాడులు మొదలయ్యాయి. 9వ తేదీన చర్చి మీద బాంబు పడింది. లోపల ఏ ప్రాణీ మిగిలి ఉండదని ఫైర్ సిబ్బంది అన్నారు. కానీ ఎక్కడ వెతకాలో రాస్‌కి తెలుసు. ఆ గూడున్న వైపు వెళ్లి పిలిస్తే, శిథిలాల కింద నుంచి సన్నగా బదులొచ్చింది. తల్లీ కూనా ప్రాణాలతో దొరికాయి. ఆ తర్వాత కాసేపటికే పైకప్పు కూలింది. 1945లో పి.డి.ఎస్.ఎ. అనే జంతు వైద్య సేవాసంస్థ ఫెయిత్‌కు వెండి పతకం ఇచ్చింది.

ఫెయిత్‌కు భవిష్యత్తు తెలుసనుకోనక్కర్లేదు. దాన్ని బతికించినవి రెండు. అది చేరింది భద్రమైన చోటు. ఆ చోటేదో తెలిసిన మనిషి ఒకడున్నాడు. ఈ రెండూ నిప్పు రాకముందే కుదిరాయి. పిల్లిని కాపాడే పని మంట లేని రోజునే జరగాలని నేను గట్టిగా నమ్ముతున్నది ఇందుకే.

ఆ పని పెద్దదేమీ కాదు. పిల్లిని తీసుకెళ్లే క్యారియర్‌ను అటక మీద దాచకుండా వీధి తలుపు దగ్గర, మూత తెరిచి ఉంచాలి. అందులో పాత దుప్పటి పరిచి, అప్పుడప్పుడు తిండి కూడా అందులోనే పెడితే పిల్లికి అదీ ఒక చాటే అవుతుంది. క్యారియర్ అందకపోతే దిండు గలీబులోనో మందపాటి తువ్వాలులోనో చుట్టి ఎత్తుకోవాలి. ఒట్టి చేతులతో పట్టుకుంటే రక్కి పారిపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు పిల్లిని గుమ్మానికి దగ్గరి గదిలో ఉంచడం మేలు. వెలిగే దీపాలూ కొవ్వొత్తులూ దానికి అందే చోట పెట్టకూడదు. పొగను పసిగట్టే అలారం బిగిస్తే ఇంట్లో అందరికీ కొంత సమయం కలిసొస్తుంది.

నిప్పే అంటుకుంటే, ముందు మనుషులు బయటపడాలి. పిల్లి చేతికి అందితేనే తీసుకోవాలి. లేకపోతే వెంటనే బయటికొచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. రాస్‌లా శిథిలాల్లోకి, పొగలోకి మనం వెళ్లకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిమిషాల్లో స్పృహ తప్పిస్తుంది. ఫైర్ సిబ్బంది రాగానే “లోపల పిల్లి ఉంది, పడమటి గదిలో మంచం కింద దాక్కుంటుంది” అని చెప్పాలి. ఆ ఒక్క ముక్క వాళ్లకి ఎంతో వెతుకులాట తప్పిస్తుంది. దక్కిన పిల్లి చలాకీగా కనపడినా పశువైద్యుడికి చూపించాలి. పొగ పీల్చిన ఊపిరితిత్తుల్లో వాపు కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు.

మీ ఇంట్లో పిల్లి ఉంటే, అది బెదిరినప్పుడు దాక్కునే చోట్లన్నీ ఈ రోజే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంట్లోవాళ్లకీ, పక్కింటివాళ్లకీ కూడా చెప్పి ఉంచండి.